గొల్లపల్లిలో పన్నెండో మెట్టు

బొబ్బిలి స్టేషన్లో దిగేసరికి ఎండ ముదిరింది. అక్కడి నుంచి వీణలు చేసే గొల్లపల్లికి ఆటోలో వెళ్లాం. నా వీణ మీద మైనం ఎండి, పగిలి, స్వరస్థానాలు చూపే అడ్డపట్టీలు, అదే మెట్లు, కొన్ని కదులుతున్నాయి. బాగు చేయించాలి. మా అమ్మాయికి పదేళ్లు. రెండు నెలలు సరళీ వరుసలు, అంటే మొదటి పాఠాలు, పాడి, ఇక వీణ వద్దంటే వద్దని మొండికేసింది. ఇంట్లో ఒక్కత్తినీ వదల్లేక వెంట తెచ్చాను.

వాకిట్లోనే పని జరుగుతోంది. నేలంతా పసుపుపచ్చటి పనస చెక్కపేళ్లు. నాదం పలికే గుండ్రటి కుండ, మెట్లుండే పొడుగాటి దండి, చివర సింహంలాంటి యాళి ముఖం మూడింటినీ ఒకే దుంగలోంచి తీస్తారిక్కడ. ఏకాండి వీణ అంటే అదే, బొబ్బిలి వీణకు అంత పేరు తెచ్చిందీ అదే. ఒక పెద్దాయన కుండ లోపల ఉలితో తొలుస్తున్నారు. నాలుగు దెబ్బలు కొట్టడం, ఆగి వేలి కణుపుతో తట్టడం, చెవి వంచి వినడం. మా పిల్ల వెళ్లి పక్కన కూలబడింది.

"ఏం వింటున్నారు తాతా?"

"మందమెంతుందోనమ్మా. నువ్వూ తట్టు."

తట్టింది. ఒకచోట మొద్దుగా, ఇంకోచోట గుమ్మని. ఆ రెండు చోట్ల మధ్యా ఎన్నిసార్లు తిరిగిందో!

తర్వాత నా వీణ పట్టారు. తేనెమైనంలో మసి కలిపిన నల్లటి ముద్దను వేడిచేసి దండి మీద పరిచారు. మెట్టు నిలబెట్టి, తీగ మీటి, గోటితో వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటారు. మైనం చల్లారేలోగా శ్రుతి కుదరాలి. ఇలా 24 మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున. ఒక మెట్టు దగ్గర ఆయన ఆగకముందే మా పిల్ల "ఊహూ" అంది. ఆయన తలెత్తి చూశారు. మెట్టు కాస్త జరిపి మీటారు. ఇద్దరూ ఒకేసారి తలూపారు. ఇంట్లో నేను తప్పు స్వరం వాయిస్తే వినిపించనట్టు ఉండే పిల్ల ఇదేనా అనిపించింది.

ఆయన దానికి ఒక దారం ఇచ్చి, దండి చివర తీగ ఆనే మేరువు నుంచి కుండ మీద తీగ ఆనే గుర్రం దాకా పట్టుకోమన్నారు. దారాన్ని సగానికి మడిచి మళ్లీ మేరువు దగ్గర పెట్టమన్నారు. మడత వచ్చి పన్నెండో మెట్టు దగ్గర ఆగింది. మీటితే పై షడ్జమం, అంటే పై స్థాయి 'స'! "అమ్మా, సగం తీగకి అదే స్వరం పైకెళ్లింది!" అని అరిచింది. ఇన్నేళ్లుగా వాయిస్తున్నాను, ఒక్కసారైనా దారం పట్టి చూడలేదు నేను. మిగతా మెట్ల మధ్య దూరాలు పైకి పోయేకొద్దీ ఎందుకు తగ్గుతాయో కూడా తనే వేళ్లతో కొలిచి నాకు చూపించింది.

నాకు ఆకలేసింది, దానికి వేయలేదు. మధ్యాహ్నమంతా అక్కడే. వచ్చేటప్పుడు ఆయన అరచేయంత పనస ముక్క, ఒక గరుకు కాగితం చేతిలో పెట్టి, "నున్నగా తియ్యి తల్లీ, మళ్లీ తే, చూద్దాం" అన్నారు.

విశాఖ రైల్లో కిటికీ పక్క సీటు కావాలని కూడా అడగలేదు. ఒళ్లో రుమాలు పరుచుకుని ముక్క రుద్దుతూ, మధ్యమధ్య కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటోంది. "ఇంకా మొద్దుగానే ఉందమ్మా" అంది, నా వైపు చూడకుండానే.