పురుగు శుభ్రం చేస్తుంది సరే, మాన్పుతుందా?

షుగర్ పుండ్లకి పురుగుల వైద్యం అని, అంటే పుండులో ఈగ పురుగుల్ని వదిలి కుళ్లిన కండ తినిపించడం అని, వాట్సాప్‌లో ఓ వీడియో తిరుగుతోంది. కింద "డాక్టర్లు దాచిపెట్టిన రహస్యం" అని రాశారు. దాచిందేమీ లేదండీ. 2004 జనవరిలోనే అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి ఒప్పుకుంది, బ్రిటన్‌లోనూ అదే ఏడాది నుంచి మామూలు డాక్టరే చీటీ రాసి తెప్పించుకునే వీలొచ్చింది. తమాషా ఏంటంటే, ఎఫ్‌డీఏ ఈ పురుగుల్ని మందు కింద కాకుండా వైద్య పరికరం కింద లెక్కేసింది. ప్రాణం ఉండి, మెసులుతూ, మాంసం తినే పరికరం!

కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లో విలియం బేర్ అనే అమెరికన్ ఎముకల సర్జన్ దగ్గరికి ఇద్దరు సైనికుల్ని మోసుకొచ్చారు. తొడ ఎముక విరిగి బయటికొచ్చింది, పొట్టకీ దెబ్బలున్నాయి, ఏడు రోజులు ఎవరి కంటా పడకుండా యుద్ధభూమిలోనే పడున్నారు. ఆ కాలంలో అలాంటి గాయాలతో బతికి బయటపడేవాళ్లు తక్కువ. వీళ్లకి మాత్రం జ్వరం కూడా లేదు. బట్టలు విప్పితే గాయం నిండా వేలకొద్దీ పురుగులు, అసహ్యపడుతూనే కడిగి చూస్తే అడుగున చీము బదులు గులాబి రంగులో కొత్త కండ. బేర్ ఆ సంగతి మర్చిపోలేదు. పదేళ్లు దాటాక బాల్టిమోర్‌లో, ఎముకలో చీము పట్టి ఎన్ని ఆపరేషన్లు చేసినా తగ్గని పిల్లల మీద ఆ పురుగుల్నే వాడాడు. చాలామందికి తగ్గింది కానీ కొందరికి ధనుర్వాతం వచ్చింది. దాంతో ఈగ గుడ్లని క్రిమిసంహారక ద్రావణంలో కడిగి, శుభ్రమైన పురుగుల్ని పెంచడం మొదలైంది. ఈ వైద్యం గురించి బేర్ రాసిన వ్యాసం 1931లో ఆయన చనిపోయాకే అచ్చయింది. తర్వాత కొన్నేళ్లు అమెరికాలో 300కి పైగా ఆసుపత్రులు ఇదే వాడాయి, ఓ మందుల కంపెనీ సీసాల్లో పెట్టి అమ్మింది కూడా. పెన్సిలిన్ వచ్చాక అంతా మర్చిపోయారు. మళ్లీ 1990ల్లో, యాంటీబయాటిక్స్‌కి లొంగని పుండ్లు ఎక్కువయ్యాక, కాలిఫోర్నియాలో రోనల్డ్ షెర్మన్ అనే డాక్టర్ దీన్ని బయటికి తీశాడు.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. వాడేది ఏ ఈగ పురుగు పడితే అది కాదు. లూసిలియా సెరికాటా అనే పచ్చ ఈగది, అదీ ల్యాబ్‌లో పెంచింది. అది చచ్చిన కండ జోలికే పోతుంది. మన దగ్గర గేదెల పుండ్లలో పడేవి చాలాసార్లు వేరే జాతి. క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ పురుగైతే బతికున్న కండనే తొలుచుకుంటూ లోపలికి పోతుంది. పల్లెల్లో సీతాఫలం ఆకు నూరి పెట్టడం, టర్పెంటైన్ పొయ్యడం ఊరికే రాలేదు. కాబట్టి ఎవరి కాలి పుండులోనైనా పురుగులు కనపడితే "మంచిదేనట" అని వదిలేయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మరి పచ్చ ఈగ పురుగు చేసేదేంటి? దానికి పళ్లు లేవు. నోట్లోంచి ఎంజైమ్‌లు కక్కుతుంది, కుళ్లిన కండ కరిగి జావ అవుతుంది, దాన్ని పీల్చుకుంటుంది. చదరపు సెంటీమీటరుకి ఐదు నుంచి పది పురుగుల్ని వదిలి పైన వల కడతారు, లేదా టీ బ్యాగులాంటి చిన్న సంచిలో పెట్టి పుండు మీద ఉంచుతారు. రెండు మూడు రోజుల్లో రెండు మిల్లీమీటర్ల పురుగు సెంటీమీటరు దాటి పెరుగుతుంది, అప్పుడు తీసి పారేస్తారు. అది వదిలే అమోనియా వల్ల పుండులో క్షార గుణం పెరిగి కొన్ని బ్యాక్టీరియా తట్టుకోలేవు. లూసిఫెన్సిన్ అనే సూక్ష్మజీవుల్ని చంపే పదార్థాన్ని కూడా దాన్లో గుర్తించారు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది రోగనిరోధక శక్తి సంగతి. పురుగు స్రావాల్ని మన తెల్ల రక్తకణాలకి తగిలిస్తే వాటి దూకుడు తగ్గుతోందని, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు ముక్కలవుతున్నాయని ల్యాబ్‌లో చూశారు. ఏళ్ల తరబడి మానని పుండు ఒకరకంగా ఆరని వాపే కాబట్టి, ఆ మంట చల్లారితే పుండు మానాలి కదా అని ఆశ. అయితే పురుగు ఇదంతా మన మీద ప్రేమతో చేస్తుందా? మన ఒంటి సైన్యం తనని చంపకుండా చూసుకుంటోంది, అంతే.

పేగుల్లో చేరి రక్తం తాగే కొంకి పురుగుదీ (హుక్‌వార్మ్) ఇదే తెలివి. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ప్రిచర్డ్ ఈ రెండిటి మీదా పనిచేశాడు. పాపువా న్యూ గినీలో కొంకి పురుగులున్న వాళ్లకి అలర్జీలు తక్కువని గమనించి, ఆ లార్వాల్ని కట్టుకి అంటించి తన చర్మంలోకే ఎక్కించుకున్నాడు మహానుభావుడు! మనమేమో ఏటా ఫిబ్రవరి 10న పిల్లలందరికీ నులిపురుగుల మాత్ర మింగిస్తున్నాం. రక్తహీనత ఉన్న చోట అదే సరైన పని, అందులో నాకు అనుమానం లేదు. ప్రిచర్డ్ బృందం కొంకి పురుగులతో 32 మంది ఆస్తమా రోగుల మీద చేసిన పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (రోగనిరోధక శక్తి మన నరాల మీదే దాడి చేసే జబ్బు) ఉన్న 71 మందితో చేసి 2020లో ప్రచురించిన దాన్లో రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే కొన్ని రకాల కణాలు పెరిగాయి కానీ, పరీక్షకి ముందే పెట్టుకున్న అసలు కొలమానంలో మాత్రం గెలుపు లేదు.

పచ్చ ఈగకీ దాదాపు అదే అయింది. బ్రిటన్‌లో 267 మంది మీద చేసిన వీనస్ 2 పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. వీళ్లవి ఎక్కువగా సిరల జబ్బు వల్ల కాళ్లకొచ్చిన పుండ్లు. కుళ్లు పోవడానికి విడి పురుగులతో సుమారు 14 రోజులు, సంచి పురుగులతో 28, పుండు మీద పెట్టే మామూలు జెల్‌తో 72 రోజులు పట్టింది. ఇంత తేడా చూశాక ఎవరైనా పండగ చేసుకుంటారు. పుండు పూర్తిగా మానడానికి పట్టిన కాలం చూస్తే పురుగులతో 236 రోజులు, జెల్‌తో 245. అంటే తేడా లేనట్టే. అందుకే నేను దీన్ని మంచి పాకీ పని అనే ఒప్పుకుంటా, మాన్పే మంత్రం అంటే మాత్రం ఒప్పుకోను. రక్తం సరిగ్గా అందని కాలికి, అదుపులో లేని షుగర్‌కి పురుగు చేయగలిగింది ఏమీ లేదు.

అలాగని తక్కువ చేయడం లేదు. నల్లబడ్డ కండని తొందరగా తీసేయాల్సి వచ్చి, రోగి ఆపరేషన్‌కి తట్టుకోలేని స్థితిలో ఉంటే అది పెద్ద సాయమే. నొప్పి సంగతి కూడా అడగాలి. వీనస్ 2లో పురుగులు పెట్టిన వాళ్లు జెల్ వాళ్లకంటే ఎక్కువ నొప్పి చెప్పారు. షుగర్‌తో పాదం మొద్దుబారిపోయిన మనిషికి మాత్రం అవి పాకుతున్నట్టు కూడా తెలియకపోవచ్చు.