కుదరని సంబంధం

నాన్నగారి పాత ఆర్గనైజర్‌ను స్టాండులో పెట్టి బొత్తాం నొక్కడం ఇది పదకొండోసారి. మళ్లీ అదే జవాబు: కంప్యూటర్‌తో సంబంధం కుదరలేదట. పెళ్లిళ్ల పేరయ్యలా!

ఫోన్ నంబర్లు దాచుకునే జేబు ఎలక్ట్రానిక్ డైరీ అది. తీగ చివర తొమ్మిది రంధ్రాల సీరియల్ ప్లగ్గు. నా కొత్త కంప్యూటర్‌కు ఆ పోర్టే లేదు. బీసెంట్ రోడ్డంతా తిరిగి యూఎస్‌బీకి మార్చే తీగ తెచ్చాను. పోర్టు నంబరు కామ్ 7 నుంచి కామ్ 1కి మార్చాను. ఉలుకూ పలుకూ లేదు.

ఆర్గనైజర్‌లో రెండు సన్నటి సెల్సు. అవి పూర్తిగా అయిపోతే లోపల దాచినదంతా మాయం. బ్యాటరీ గుర్తేమో సగానికి దిగింది.

అందుకే ఇప్పుడు నోటు పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. నలభై నంబర్లు అయ్యాయి. సగం విజయవాడ కోడ్ 0866తో మొదలయ్యేవే.

‘పాలబ్బాయి’ అని ఒకటి ఉంది. చేసి చూడాలనిపిస్తోంది.