మా పాప పాల పళ్ళు, నానమ్మ ఊరి నీళ్ళు

మా పాపకి నాలుగేళ్ళు దాటాక నిద్రలో పళ్ళు కొరకడం మొదలైంది. రాయి మీద రాయి పెట్టి నూరినట్టు చప్పుడు. పక్క గదిలో పడుకునే మా అత్తమ్మకి కూడా మెలకువ వచ్చేది. తెల్లారి లేచాక పాపకి ఏమీ గుర్తుండేది కాదు. దవడ నొస్తోందని ఒక్కోసారి చెప్పేది. చపాతీ పెడితే రెండు ముక్కలు తిని పళ్ళెం పక్కకు జరిపేది.

ఇంట్లో, చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరికి చెప్పినా ఒకటే మాట, కడుపులో పురుగులున్నాయని. "పురుగుల మందు తాపు బిడ్డా, తగ్గుతది" అని అత్తమ్మ. ఆ మందు వేయడం మంచిదే. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలందరికీ ఆల్బెండజోల్ ఇస్తారు. మా పాపా వేసుకుంది. పళ్ళు కొరకడం మాత్రం తగ్గలేదు. పురుగుల వల్లే పళ్ళు కొరుకుతారని గట్టిగా రుజువు కాలేదని పిల్లల డాక్టరు గారు చెప్పారు. చిన్నపిల్లల్లో ఇది చాలామందికి ఉంటుందట, ఎక్కువమందికి పెద్ద పళ్ళు వచ్చేసరికి దానంతటదే పోతుందట. ఆ మాటతో కొంత ధైర్యం వచ్చింది.

ఈలోగా కింది కుడివైపు దవడ పళ్ళ మధ్య గోధుమ రంగు మచ్చ కనిపించింది. ఇంటి దగ్గర ఉన్న ఒక క్లినిక్‌లో చూపిస్తే, పాల పన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది, నొప్పి వచ్చినప్పుడు చూద్దాం అన్నారు. నొప్పి రానే వచ్చింది, అది కూడా అర్ధరాత్రి. చెంప ఉబ్బిపోయి, ఒళ్ళు కాలిపోతూ, పాప చేతులతో దవడ పట్టుకుని ఏడుస్తుంటే ఇల్లంతా మేలుకునే ఉంది. మళ్ళీ అదే క్లినిక్‌కి వెళ్తే యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చారు. వాపు తీసింది. కొన్నాళ్ళకి చిగురు మీద చీము పొక్కు లేచింది, మళ్ళీ జ్వరం. చిన్నపిల్ల అంత నొప్పి పడుతుంటే ఊడిపోయే పన్నే కదా అనడం ఎంత అన్యాయమో నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఊడిపోయే పన్నుకీ నరం ఉంటుంది.

అప్పుడు పిల్లల దంతవైద్యంలోనే ప్రత్యేకంగా చదివిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మామూలు డెంటిస్టులు కాకుండా పిల్లలకే విడిగా పీడోడాంటిస్టులు ఉంటారని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. అందుకే చెబుతున్నాను. ఆవిడ ఎక్స్‌రే తీయించి, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా వివరించారు. పిల్లలకి పాల పళ్ళు 20. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి గానీ, దవడ పళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మా పాప ఆ పంటితో ఇంకా ఆరేళ్ళ పైనే నమలాలి. ముందే పీకేస్తే, ఆరేళ్ళ వయసులో వెనక వచ్చే శాశ్వత దవడ పన్ను ముందుకు ఒరుగుతుంది, కింద నుంచి రావాల్సిన పన్నుకి చోటు ఉండదు. పీకక తప్పని పిల్లలకి ఆ ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగ అమరుస్తారు. సిరప్‌తో చీము ఎందుకు పూర్తిగా పోలేదో కూడా చెప్పారు. మందు రక్తంతో పాటే చేరుతుంది. లోపల చచ్చిపోయిన నరం దాకా రక్తమే వెళ్ళదు, ఇక మందెలా వెళ్తుంది? పాల పళ్ళ మీది గట్టి పొర, అంటే ఎనామిల్, పలచన, లోపలి నరం గది పెద్దది కాబట్టి పుచ్చు త్వరగా నరాన్ని తాకుతుందట.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న మేం ఊహించనిది. "పాప నోరు తెరిచి పడుకుంటుందా? గురక పెడుతుందా?"

పెడుతుంది. ఏడాదిగా ముక్కు దిబ్బడ, జలుబు, రాత్రి దగ్గు. దాని కోసం రకరకాల సిరప్‌లు, అన్నీ పడుకునే ముందు వేసేవే. పంటి డాక్టరుకి ముక్కు సంగతి ఎందుకని అప్పుడు అనిపించింది గానీ, ఆవిడ చెప్పాక అన్నీ ఒక్కచోట కలిశాయి. మనం తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. నోటి పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కంటే కిందికి పడితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, పోయిన ఖనిజంలో కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది. నోటితో గాలి పీల్చే పిల్లలకి ఊరిన ఆ కాస్తా ఆరిపోతుంది. ఆ పొడి నోట్లో చక్కెర పాకంలో కలిపిన దగ్గు మందు తెల్లవార్లూ పళ్ళకి అంటుకుని ఉంటుంది. పై ముందు పళ్ళ మీద, చిగురు పక్కన, సున్నం గీతల్లాంటి తెల్ల చారలు చూపించారు. పుచ్చుకి అదే తొలి గుర్తు. ఆ దశలో పట్టుకుంటే డ్రిల్లింగ్ అక్కర్లేకుండానే వెనక్కి తిప్పవచ్చు. కింది ముందు పళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, వాటిని నాలుకా, నాలుక కింద ఊరే లాలాజలమూ కాపాడతాయట.

పళ్ళు కొరకడానికీ, గాలి ఆడకపోవడానికీ చాలామంది పిల్లల్లో సంబంధం కనిపిస్తుందని చెప్పి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు. మెడ పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథి బాగా ఉబ్బి, గాలి దారికి అడ్డంగా ఉంది. దాంతో పాటు ఎలర్జీ. ముందు కొన్ని నెలలు ముక్కులో కొట్టే స్ప్రే వాడి చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ ఆలోచిద్దాం అన్నారు. మా అదృష్టం, స్ప్రేతోనే దారికొచ్చింది. పరుపు మీది బొచ్చు దుప్పటి తీసేశాం, దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతకడం మొదలుపెట్టాం. గురక తగ్గింది. నోరు మూసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. దాని వెనకే పళ్ళు కొరకడమూ తగ్గుతూ వచ్చింది. పళ్ళు కొరికే పిల్లలందరికీ ముక్కే కారణం అని నేను అనను. కొందరిలో టెన్షన్ ఉంటుంది, కొందరిలో నిద్ర చాలకపోవడం ఉంటుంది. కానీ గురక, నోరు తెరుచుకోవడం, పళ్ళు కొరకడం మూడూ కలిసి కనిపిస్తే ముక్కు కూడా చూపించండి. రాత్రి పూట పెట్టుకునే గార్డు ఇస్తారేమోనని మా వారు అడిగితే, ఈ వయసులో దవడ ఎదుగుతూ ఉంటుంది, పళ్ళు మారుతూ ఉంటాయి కాబట్టి మామూలుగా ఇవ్వరని డాక్టరమ్మ చెప్పారు.

పంటి వైద్యం నేను భయపడ్డంత కష్టంగా జరగలేదు. మొదటిసారి డాక్టరమ్మ పాపని కుర్చీలో పైకీ కిందికీ ఆడించి, గాలి గొట్టం అరచేతి మీద ఊది చూపించి పంపేశారు. ప్రతి పరికరానికీ ముందు పేరు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే నోట్లో పెట్టడం ఆవిడ పద్ధతి. చీము పట్టిన పన్నుకి లోపలి నరం తీసి శుభ్రం చేసి, పాల పన్ను వేరుతో పాటు కరిగిపోయే మందు నింపారు. పైన స్టీల్ క్యాప్ వేశారు. మత్తు సూది తర్వాత పెదవి తిమ్మిరిగా ఉంటుంది, పిల్లలు తెలియక కొరికేసుకుంటారు, తిమ్మిరి దిగేదాకా కళ్ళు తిప్పకుండా చూడండి అన్నారు. ఆ మధ్యాహ్నమంతా అత్తమ్మ పాప పెదవి మీదే చూపు పెట్టి కూర్చున్నారు. పై దవడ పన్నులో చిన్న పుచ్చుకి డ్రిల్లింగ్ లేకుండా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూశారు. పుచ్చిన చోటు నల్లగా మారుతుంది, అది మాత్రం మిగిలిపోతుంది అని ముందే చెప్పి, మేం ఒప్పుకున్నాకే పూశారు. చెప్పినట్టే నల్లబడింది, పుచ్చు అక్కడితో ఆగింది.

అసలు కష్టం పేస్టు దగ్గర వచ్చింది. ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) ఉన్న పేస్టు వాడమని రాసిచ్చారు. అత్తమ్మ డబ్బా మీద ఆ మాట నాతో చదివించుకుని, పేస్టు తీసి అల్మారాలో దాచేశారు.

"మా ఊళ్ళె నీళ్ళల్ల ఉన్న విషం అదే గద. నా పండ్లు చూడు, నా మోకాళ్ళు చూడు. ఆ మందు నా మనుమరాలి నోట్లె పెడుతవా?"

ఆవిడకి నేనేం జవాబు చెప్పగలను? అత్తమ్మది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు పల్లె. పుట్టినప్పటి నుంచీ బోరు నీళ్ళే తాగారు. ముందు పళ్ళ మీద గోధుమ రంగు పట్టీలు, వంగని మెడ, కింద కూర్చుంటే లేవలేని మోకాళ్ళు. ఆవిడతో ఆడుకున్న పిల్లల్లో కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళు ఉన్నారు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బుని, ఫ్లోరోసిస్‌ని, మన దేశంలో 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు, నల్లగొండ పల్లెలు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆ నీళ్ళే తాగాయి. ఇంటింటికీ నల్లాలో నది నీళ్ళు వచ్చేసరికి అత్తమ్మ తరం ఎముకలు గట్టిపడిపోయాయి. అలాంటి మనిషి భయాన్ని మూఢనమ్మకం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

అత్తమ్మని కూడా వెంట తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆవిడ పళ్ళు చూసి, "అమ్మా, మీరు చెప్పేది నిజం. అదే పదార్థం" అని మొదలుపెట్టారు. ఆ ఒక్క మాటతో అత్తమ్మ మెత్తబడి వినడం మొదలుపెట్టారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళు రోజంతా, ఏళ్ళ తరబడి, పళ్ళూ ఎముకలూ తయారయ్యే వయసులో ఒంట్లోకి వెళ్ళాయి. పేస్టు తీరు వేరు. అది పంటి పైన తగిలి, ఆమ్లానికి తేలిగ్గా కరగకుండా పై పొరని గట్టిపరుస్తుంది, మిగిలింది ఉమ్మేస్తాం. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పెట్టాలి. ఆ బఠాణీ గింజంతా మింగేసినా సుమారు పావు మిల్లీగ్రాము. అది కూడా మింగకుండా చూడాలి. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు తాగుతుంటే ముందు పరీక్ష చేయించండి, ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్ళు తాగే పిల్లల సంగతి విడిగా ఆలోచించాలి అన్నారు. చేయించాం. 1 మిల్లీగ్రాము కంటే తక్కువే ఉంది. ఆ కాగితం అత్తమ్మకి చదివి వినిపించాను.

పేస్టు అల్మారాలోంచి బయటికొచ్చింది. బ్రష్ మీద ఎంత వేయాలో ఇప్పుడు అత్తమ్మే వేస్తారు. పాప ఉమ్మేసిందా లేదా అన్నది కూడా ఆవిడే చూస్తారు. ఆవిడ వేపపుల్ల ఆవిడదే.

రాత్రి పద్ధతి మొత్తం మార్చాం. పాలు, మందులు, తినేవి అన్నీ బ్రష్ చేయకముందే. బ్రష్ అయ్యాక మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. ఉమ్మేశాక పుక్కిలించకూడదని చెప్పారు, పుక్కిలిస్తే పేస్టు పంటి మీద నిలవదు. ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లలకి సొంతంగా సరిగా తోముకునే చేతివాటం రాదు కాబట్టి, రాత్రి బ్రష్ మా వారే చేస్తారు. పాప తల ఒళ్ళో పెట్టుకుంటే వెనక పళ్ళు బాగా కనిపిస్తాయి. తీపి మానిపించలేదు. పండగలకి సకినాలతో పాటు గారిజెలూ తింటుంది, కాకపోతే భోజనంతో పాటే. రోజంతా కొంచెం కొంచెం తింటే నోరు అన్నిసార్లూ ఆమ్లంలోకి వెళ్తుంది. బెల్లం మంచిదని పల్లీపట్టీ చేతికిస్తుంటాం గానీ, పంటికి బెల్లమూ చక్కెరే, పైగా అంటుకుపోతుంది. బిస్కెట్ కూడా అంతే. అందుకే బడి నుంచి వచ్చాక ఉడకబెట్టిన పల్లీలు, జామకాయ ముక్కలు, పెరుగన్నం పెడుతున్నాం.

ముందు పళ్ళ మీది తెల్ల చారలు కొన్ని నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తుంటే మెరుపు తేలుతున్నాయి. చీము మళ్ళీ రాలేదు. పాప చపాతీ రెండు వైపులా నములుతోంది. జలుబు గట్టిగా చేసినప్పుడు రాత్రి పళ్ళు కొరికిన చప్పుడు ఇప్పటికీ ఒకటి రెండుసార్లు వినిపిస్తుంది, ముక్కు విడిచాక పోతుంది.

ఇప్పుడు పాపకి ఆరేళ్ళు నిండాయి. అన్నిటికన్నా వెనక, ఏ పన్నూ ఊడకుండానే, శాశ్వత దవడ పళ్ళు వస్తున్నాయి. ఏదీ ఊడలేదు కదా అని చాలా ఇళ్ళలో వీటిని కూడా పాల పళ్ళే అనుకుని వదిలేస్తారు. జీవితాంతం ఉండాల్సినవి ఇవే. వీటి పైభాగంలో లోతైన గాడులు ఉంటాయి, పుచ్చు అక్కడే మొదలవుతుంది. కింది రెండూ పూర్తిగా బయటికొచ్చాయి, వాటి గాడులు సీలెంట్ అనే పూతతో మూశారు. పైవి ఇంకా సగమే వచ్చాయి. పక్క పళ్ళ ఎత్తు అందుకోలేదు కాబట్టి మామూలుగా తోమితే బ్రష్ వాటిని తాకదు. అవి పూర్తిగా వచ్చి సీలెంట్ వేసేదాకా, చెంప వైపు నుంచి బ్రష్ అడ్డంగా పెట్టి ఒక్కో పన్నూ విడిగా తోమమన్నారు. అలాగే తోముతున్నాం.