కోడిమాంసమే కారణమని తేలేదాకా

మా మల్లి నాటు కుక్క. కడపలో మా వీధిలోనే పుట్టి, తల్లి పాలు మరిచిన కొన్నాళ్లకే మా ఇంటి గడప ఎక్కింది. దానికిప్పుడు నాలుగేళ్లు దాటాయి. టీకాలు వేళకు వేయిస్తాం, నట్టల మందు తప్పనివ్వం. అయినా పోయిన వానాకాలం నుంచి దాని కడుపు కుదురుగా ఉండేది కాదు. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మోషన్ పలుచనయ్యేది. ఆట మానలేదు, ఆకలి తగ్గలేదు కాబట్టి ఇంట్లోవాళ్లు "కుక్కలకు ఇవన్నీ మామూలే" అని తేల్చేశారు. నాకు మనసు ఊరుకోలేదు. అర్ధరాత్రి తలుపు గోళ్లతో గీకి, బయటికి పోయి, నడుం వంచి ముక్కి ముక్కి, చివరికి చెంచాడు జిగట మాత్రం వేసి తిరిగొచ్చే కుక్కను చూసి మామూలే అని ఎట్లా అనుకోవాలి?

ఊళ్లో చూపించినప్పుడల్లా ఒక ఇంజెక్షను వేసి, ఒక షీటు మాత్రలు రాసేవారు. దాంతోపాటు ఒక పథ్యం చెప్పేవారు: కారం, నూనె లేకుండా చికెన్ ఉడకబెట్టి మెత్తటి అన్నంలో కలిపి పెట్టమని. మాత్రలు వేసినన్నాళ్లు తగ్గేది. అవి అయిపోతే మళ్లీ మొదలు. అసలెందుకు వస్తోందని అడిగితే "ఏదో తినుంటుంది" అనడమే తప్ప పరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు.

ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడి ఆసుపత్రిలో వివరంగా చూపిద్దామన్నాడు మా తమ్ముడు. పోయే ముందు నేను ఒక నోటుబుక్కు పెట్టాను. మల్లి ఏం తిన్నది, ఎవరు పెట్టారు, ఎన్నిసార్లు బయటికి పోయింది, మోషన్ ఎట్లా ఉంది, అన్నీ రాశాను. ఫోన్లో ఫోటోలు కూడా తీసి పెట్టుకున్నా. ఇంట్లో మొహాలు చిట్లించుకున్నారు గానీ, అక్కడ డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది అవే.

ఒక్కసారికి ఎంత పోతుంది? రోజుకు ఎన్నిసార్లు? ముక్కుతుందా? రక్తం ఎర్రగా పడుతోందా, నల్లగా పడుతోందా? ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారో కూడా ఆమే వివరించారు. చిన్నపేగుల్లో తేడా ఉంటే పోయిన ప్రతిసారీ ఎక్కువెక్కువ పోతుంది, కుక్క చిక్కిపోతుంది, రక్తం ఉంటే అరిగి నల్లగా కనిపిస్తుంది. పెద్దపేగుల్లో తేడా ఉంటే కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పోతుంది. జిగట ఉంటుంది, ఒక్కోసారి ఎర్రటి రక్తపు చార పడుతుంది. మల్లిది ఈ రెండో రకం. తూకం వేసి చూస్తే బరువు తగ్గలేదు, అది మంచి విషయమేనన్నారు. అయితే మూడు వారాలు దాటి సాగే విరేచనాలను మాత్రలతో ఆపుకుంటూ పోకూడదని, కారణం వెతకాల్సిందేనని గట్టిగా చెప్పారు. ఇన్నాళ్లకు నేను వినాలనుకున్న మాట విన్నాను.

ముందు మల పరీక్ష. జియార్డియా అనే సూక్ష్మజీవి ప్రతిరోజూ మలంలో కనపడదట. అందుకని ఒక్క శాంపిల్ చూసి లేదని చెప్పలేరు, వేర్వేరు రోజులవి చూడాలి. వేసిన వెంటనే, మట్టి అంటకుండా, శుభ్రమైన మూత డబ్బాలోకి తీసి, ఆలస్యం చేయకుండా అందించాలి. మేం కడప నుంచి ఎర్రగుంట్ల మీదుగా పోవాలి కాబట్టి చల్లగా ఉండే సంచిలో పెట్టుకుని పోయాం. మన దగ్గర పిడుదుల బెడద ఎక్కువ గనక పిడుదుల జ్వరం ఉందేమోనని రక్తం కూడా పరీక్షించారు. అన్నీ బాగానే వచ్చాయి. పరీక్షకు చిక్కని నట్టలు కూడా ఉంటాయని ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు వరసగా కొన్ని రోజులు వేయించారు. మార్పు లేదు. ఇక మిగిలింది తిండి.

మల్లి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తినని మాంసం ఒకటి, తినని దుంపో ధాన్యమో ఒకటి, ఆ రెండే పెట్టాలి, ఇంకేదీ నోట్లోకి పోకూడదన్నారు. ఇలాంటి కుక్కల కోసమే తయారుచేసే ప్రత్యేకమైన తిండి దొరుకుతుంది గానీ ధర మాకు మోయలేనిది. నోటుబుక్కు ముందేసుకుని ఆలోచిస్తే చికెన్, మటన్, గుడ్డు, పెరుగు, అన్నం, సంగటి, బ్రెడ్డు అన్నీ దానికి అలవాటే. చేప, గెనుసుగడ్డ మాత్రం ముట్టలేదు. శీలావతి చేప తేవడం మొదలుపెట్టాం. ఒక్కసారిగా మార్చకుండా వారం పాటు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాం.

అసలు కష్టం ఇక్కడే. మా జేజి అయితే "సంగటి లేకుండా దానికి బలమెట్ల వస్తాది? ఒగ ముద్ద పెడితే ఏమైతాది?" అని బాధపడింది. నాయనకు టీ తాగుతూ దానికొక బిస్కెట్ ఇవ్వకపోతే తోచదు. పక్కింటి పిల్లలు ప్రేమగా ఉగ్గాని తెచ్చి పెట్టేవారు. అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, అవి ఏ కుక్కకూ పెట్టకూడనివి. ఒక్క ముక్క లోపలికి పోయినా ఇన్నాళ్ల శ్రమ మళ్లీ మొదటికొస్తుందని అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. చికెన్ రుచి కలిపిన మాత్రలు కూడా పనికిరావు, అందుకే మందు కొనేటప్పుడు ప్యాకెట్టు మీద చదవాలి.

చేప పని చివరికి జేజే తీసుకుంది. శీలావతికి సన్న ముళ్లు ఎక్కువ. ఉప్పు, పసుపు ఏమీ వేయకుండా ఉడికించి చల్లారనిచ్చాక, స్టీలు పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒక్కో ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, తగిలిన ముల్లును తీసి పళ్లెం అంచున పెట్టేది. కంటికి సరిగా ఆనకపోయినా వేళ్లకు తెలిసిపోయేది. అంతా అయ్యాక ఇంకోసారి పిసికి చూసేది. ఎదురుగా మల్లి తోకాడిస్తూ కూర్చుంటే "ఉండు తల్లీ, గొంతులో గుచ్చుకుంటాది" అని నచ్చజెప్పేది.

తిండి పడకపోవడమే కారణమైతే చాలా కుక్కలు రెండు వారాల్లోపే తేరుకుంటాయని డాక్టరమ్మ చెప్పారు. మల్లికి ఆ గడువు లోపే రాత్రిళ్లు తలుపు గీకడం ఆగింది, జిగట పోయింది. నేలకు అంటుకోకుండా గట్టిగా వచ్చిన మోషన్ చూసి నాకు ఎంత సంతోషమైందో కుక్కను పెంచేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అంతటితో ఆపితే ఏది పడలేదో తెలియదు. ఒక్కొక్కటే తిరిగి పెట్టి, వారం రెండు వారాలు చూసి, తర్వాతదానికి పోవాలి. అన్నం పెడితే ఏమీ కాలేదు. పెరుగుకూ కాలేదు. సంగటికీ కాలేదు, జేజి మొహం వెలిగిపోయింది. ఆపైన ఉడికించిన చికెన్ కొంచెం పెట్టాం. రెండు మూడు రోజులకే మళ్లీ అర్ధరాత్రి తలుపు చప్పుడు, మళ్లీ జిగట. అంటే కడుపు చెడినప్పుడల్లా పథ్యమని పెడుతూ వచ్చిందే దానికి పడనిది. చాలా కుక్కలకు చికెన్ అన్నం మంచి పథ్యమే, నేను కాదనను. కానీ కొన్నింటికి చికెనే పడదు, అది ఇట్లా ఆపి, మళ్లీ పెట్టి చూస్తే తప్ప బయటపడదు.

చేప, గెనుసుగడ్డ, సంగటి పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకురావడమూ కుదరదు. కాల్షియం, మరికొన్ని ఖనిజాలు, విటమిన్లు చాలవు. మల్లి బరువును బట్టి, ఏ రుచీ కలపని పొడి ఒకటి రాసిచ్చారు, రోజూ తిండిలో కలుపుతున్నాం.

ఇంత ఓపికగా వెతకడం కుక్క హుషారుగా ఉన్నప్పుడే. టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోతే అదీ అంతే. మన ఎండలకు ఒంట్లో నీరు తొందరగా పోతుంది. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్లీ రంగు తిరగాలి. తిరగకపోయినా, చిగుళ్లు ఎండి బంకగా తగిలినా వెంటనే తీసుకుపోవాలి. మనుషుల కోసం ఇంట్లో పెట్టుకున్న నొప్పి మాత్రలు, విరేచనాలు ఆపే మాత్రలు డాక్టరును అడగకుండా వేయొద్దు. ఐబూప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలు చెడగొడతాయి.

మల్లికి గుడ్డు సంగతి ఇంకా తేలలేదు. చికెన్ పడని కుక్కలన్నిటికీ గుడ్డు పడకూడదని ఏమీ లేదట, దాన్ని విడిగా పెట్టి చూడాలట. ఎండలు తగ్గాక, ఉడికించిన గుడ్డులో చిన్న ముక్కతో మొదలుపెట్టమన్నారు.