'శక్తి' దగ్గర మూడు వారాలు

మా ఆరో తరగతిలో 32 మంది. జూన్‌లో చూస్తే 11 మందికి చదవడం రాదు. రోజూ తెలుగు పీరియడ్ 45 నిమిషాల్లో 20 నిమిషాలు వాళ్లకే ఇచ్చాను. నిన్నటికి వాళ్లలో తొమ్మిది మంది రెండో తరగతి స్థాయి పేరాను ఎక్కడా ఆగకుండా చదివారు. ఎలా చదివారో మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

మొదట పరీక్ష. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, మాటలు, పేరా, చిన్న కథ వరసగా చదివించాలి. ఎక్కడ ఆగితే అక్కడే మొదలుపెట్టాలి. వాచకంలో పాఠం ఇవ్వకండి, సగం మందికి అది విని విని నోటికి వచ్చేసి ఉంటుంది. చూచిరాత చూసి అసలు మోసపోవద్దు. ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నింపిన పిల్లవాడిని ఆ పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి. చదవలేడు. వాడు రాయలేదు, బొమ్మలు గీశాడు.

అక్షరాలకు రెండు వారాలు చాలు. అ నుంచి ఱ దాకా వరసగా వద్దు. త, ల, ప, క, డ, న చెప్పి వెంటనే తల, పలక, నడక చదివించాలి. ప, వ ఒకే వారంలో చెప్పకూడదు, మ, య కూడా అంతే. ఛ, ఝ, ఢ ఆఖరికి. గుణింతాలకు ఇంకో రెండు వారాలు పట్టాయి. మొ, యొ, ఘొ రూపాలు వేరుగా ఉంటాయి కాబట్టి వాటిని విడిగా చూపించాలి.

అసలు కష్టం వత్తుల దగ్గర. 'శక్తి' రాసి చదవమంటే పదకొండు మందిలో ఒక్కరు తప్ప అందరూ 'శకిత' అన్నారు. 'పిల్లి'ని 'పిలిల', 'ముక్కు'ని 'ముకుక'. 'క కు త వత్తిస్తే క్త, క్త కు గుడిస్తే క్తి' అని వారం రోజులు వల్లె వేయించాను. వల్లె వేయడం వచ్చింది, చదవడం రాలేదు. వాళ్ల కళ్లతో చూశాకే తెలిసింది, పిల్లలది తప్పు కాదని. గుడి ఉన్నది క మీద, పలికేది త తర్వాత. కళ్లకు కనిపించే వరస ఒకటి, నోటికి వచ్చే వరస ఒకటి. పైగా త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు.

అప్పుడు మార్చాను. ముందు చప్పట్లు: శక్, తి. రెండే చప్పట్లు. తర్వాత బోర్డు మీద పొల్లుతో విడదీసి 'శక్ తి' అని రాస్తే అందరూ చదివేశారు. ఆ తర్వాత వాళ్ల ముందే కలిపాను: పొల్లు చెరిపి, త ని కిందికి దించి, దాని గుడిని క మీదికి ఎక్కించాను. పిల్ లి, ముక్ కు, కష్ టం, పుస్ తకం. రోజుకు ఎనిమిది మాటలు. ముందు విడదీసినవి చదివించాలి, తర్వాత కలిపినవి, ఆఖరికి కలిపిన మాటను వాళ్లే విడదీసి రాయాలి. పిల్లి, ముక్కు లాంటి ద్విత్వాలతో మొదలుపెట్టండి, అక్కడ వినాల్సింది ఒకే హల్లు.

సరిగ్గా ఆ వారంలోనే తనిఖీ. వచ్చినాయన బోర్డు చూసి, పిల్లల ముందే, "ఆరో తరగతికి వత్తులేంటి మేడం, సిలబస్ ఎక్కడి దాకా అయింది?" అన్నారు. నోటు పుస్తకాలన్నీ తిరగేసి బాగున్నాయన్నారు. ఒక్క పిల్లవాడినీ చదవమనలేదు. తనిఖీకి వచ్చేవాళ్లు రికార్డులు పక్కనపెట్టి ఇద్దరు పిల్లలతో చదివిస్తే ఐదు నిమిషాల్లో బడి సంగతి తెలుస్తుంది. సిలబస్ పూర్తి చేయడమంటే టీచర్ చదివేయడం కాదు.

మాట మొదట్లోనే వత్తు వస్తే ఈ విడదీత పనిచేయదు. 'ప్రతి' అంటే 'పరతి', 'స్నానం' అంటే 'సనానం'. దీనికి క్రికెట్, బ్రష్, ప్లేటు, డ్రైవర్ పనికొచ్చాయి. ఆ ధ్వనులు వాళ్ల నోట్లో అప్పటికే ఉన్నాయి, అక్షరం చూపించడమే మిగిలింది. తెలుగు పీరియడ్‌లో ఇంగ్లిష్ మాటలేంటని స్టాఫ్ రూంలో అన్నారు. ప్లేటులో అన్నం తినే పిల్లలకు అది తెలుగు మాటే. ఇంట్లో 'తానం' అనే పిల్ల పుస్తకంలో 'స్నానం' చదివితే చాలు, ఇంటి మాటను దిద్దనక్కర్లేదు. దిద్దితే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు.

మిగిలిన ఇద్దరిలో ఒకడిది తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు. వాడికి 'వల', 'పలక' ఇచ్చినన్నాళ్లూ అక్షరం కూడబలుక్కున్నా అర్థం పట్టుబడలేదు. 'యాడి' (అమ్మ), 'బాటి' (రొట్టె) అని వాళ్ల మాటలే తెలుగు లిపిలో రాసిచ్చిన రోజు తలెత్తి నావైపు చూసి, మళ్లీ చదివాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ల కిందటే సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తున్నాం, ఆయన పద్ధతిని మాత్రం బడిలోకి రానివ్వడం లేదు.

వాడి కోసం వాళ్లమ్మను అడిగి నలభై లంబాడీ మాటలు రాసుకొచ్చాను. సోమవారం నుంచి అవే. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి రెండు వత్తుల మాటలు దసరా సెలవుల తర్వాతే.