స్టెన్సిల్ కాగితం మీద స్పాక్

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నే కరెంటు పోయింది. ఇల్లు తుడవడం సగంలో వదిలేసి, ఫోన్‌లో దాచుకున్న పాత అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ ఎపిసోడ్ 'అమోక్ టైమ్' మళ్ళీ చూశాను. 1967 సెప్టెంబరులో వచ్చింది. స్పాక్ ఒక అంతరిక్ష ఓడలో అధికారి, మనసులో ఉన్నది బయటికి చూపనివాడు. తన సొంత గ్రహం వల్కన్‌కి చేరకపోతే అతని ప్రాణం పోతుంది. పైఅధికారులేమో ఓడని వేరే చోటికి పొమ్మంటారు. ఉద్యోగం పోయినా సరేనని కెప్టెన్ కర్క్ ఓడని వల్కన్ వైపు తిప్పుతాడు. తీరా అక్కడికి వెళ్ళాక, ఆ గ్రహపు ఆచారం ప్రకారం ఇద్దరూ ఒకరితో ఒకరు పోరాడాల్సి వస్తుంది. డాక్టర్ మెకాయ్ ఇచ్చిన మందు వల్ల కర్క్ చనిపోయినట్టు పడిపోతాడంతే. స్పాక్‌కి ఆ సంగతి తెలియదు. స్నేహితుణ్ణి తన చేతులతోనే చంపేశాననుకుంటూ ఓడకి తిరిగొస్తే, ఎదురుగా కర్క్! "జిమ్!" అంటూ రెండు చేతులతో పట్టుకుని ముఖమంతా నవ్వేస్తాడు. మరుక్షణం ఆ నవ్వుని లోపలికి లాగేసుకుంటాడు.

ఎన్నిసార్లు చూసినా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

టీవీలో తర్వాతి వారం అంతా మామూలే, ఆ సంగతి ఊసే ఉండదు. అభిమానులు మాత్రం దాన్ని వదల్లేదు. ఆ రాత్రి స్పాక్‌కి నిద్ర పట్టిందా? కర్క్ ఏమన్నాడు? అలాంటివి వాళ్ళే రాసుకున్నారు. తొలి స్టార్ ట్రెక్ అభిమాన పత్రిక 'స్పాకనాలియా' కూడా 1967లోనే మొదలైంది. దేవ్రా లాంగ్సామ్, షెర్నా కమర్‌ఫోర్డ్ అనే ఇద్దరు అమ్మాయిలు దాన్ని నడిపారు. 1969లో, 79 ఎపిసోడ్లతో సీరియల్ ఆగిపోయింది. కథలు ఆగలేదు. ఒకడికి గాయమైతే ఇంకొకడు మంచం పక్కన కూర్చునే కథలు ఎన్నో! అవి మరీ మెలోడ్రామా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. అంత పెద్ద ఆకాశంలో మనకంటూ ఉండేది పక్కన కూర్చున్న ఆ ఒక్క మనిషే కదా.

ఆ పత్రికలు వేసింది సైక్లోస్టైల్ మీద, అంటే స్టెన్సిల్ కాగితంతో కాపీలు తీసే మిషన్ మీద. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్నని అడిగాను, అసలు ఆ పని ఎలా ఉండేదని. ముప్పై ఏళ్ళు ఆఫీసులో అదే చేశారాయన. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి మొదలుపెట్టారు.

"స్టెన్సిల్ కట్ చెయ్యడమంటే మాటలు కాదు తల్లీ. టైపు మిషన్ రిబ్బన్ తప్పించి, అక్షరం నేరుగా మైనం కాగితం మీద పడేలా కొట్టాలి. గట్టిగా కొడితే 'ఓ' అక్షరం మధ్యలో ముక్క ఊడిపోయి చిల్లు పడేది. తప్పు పోతే కరెక్షన్ ఫ్లూయిడ్ రాసి, ఊది ఊది ఆరబెట్టి, మళ్ళీ కొట్టాలి."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, డ్రమ్ముకి తగిలించి తిప్పడమే. చేతులన్నీ ఇంకు. పేజీలు వరసగా పేర్చి పిన్నులు కొట్టేసరికి అర్ధరాత్రి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే."

జీతం లేదు, పేరు వస్తుందన్న ఆశా లేదు. పత్రిక ఖర్చులు వస్తే చాలనుకుని, ఒక ఊహాలోకపు ఓడలో ఇద్దరు స్నేహితుల కోసం అంత చాకిరీ చేశారు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు పేజీలు పేర్చి ఉంటారు. వాళ్ళు రాసిన స్నేహం వాళ్ళ మధ్యా ఉండే ఉంటుంది అనిపించింది.

నాన్న చేతులు కడుక్కుంటూ అడిగారు: "ఇంతకీ ఆ స్పాక్‌కి ఆచారం తప్పినందుకు శిక్షేమైనా పడిందా?"

"లేదు నాన్నా. ఏ తప్పూ చెయ్యలేదుగా."

"మరి ఆ కెప్టెన్‌కి? మాట వినలేదన్నావుగా."

వల్కన్ పెద్దావిడ టీ'పావ్ ఓడని పంపమని తనే అడగడంతో, పైవాళ్ళు అనుమతి ఇచ్చేశారని చెప్పాను. "పోనీలే" అన్నారు, నిజంగా కుదుటపడినట్టు.

సాయంత్రం నా కథ తీశాను. మూడు వారాలుగా ఒక్కచోటే ఆగిపోయింది. కర్క్‌కి స్పృహ లేదు, పక్కన స్పాక్. స్పాక్ చేత ఒక పేజీ నిండా మాట్లాడించాను, స్నేహం గురించి, ఋణం గురించి. ఇవాళ చదివితే అది స్పాక్ గొంతులా లేదు. మొత్తం కొట్టేశాను. డ్యూటీ అయిపోయినా స్పాక్ తన గదికి వెళ్ళలేదని, మెకాయ్ ఏమీ అడక్కుండా ఇంకో కుర్చీ తెచ్చి వేశాడని రాశాను.