తొడిమలు తీసే చేతులు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు నాన్‌స్టాప్ బస్సులు ఒకదాని వెనుక ఒకటి కదిలిపోతూనే ఉన్నాయి గాని, వాటిలో మహిళలకు ఉచిత ప్రయాణం వర్తించదు కనుక, ఆధార్ కార్డులు చేతబట్టుకున్న మేమంతా ఎక్స్‌ప్రెస్ కోసం ఎండలో నిలబడవలసి వచ్చింది. అంతకుముందే, ఏలూరు నుంచి వచ్చి రైలు దిగిన నన్ను బస్టాండుకు చేర్చడానికి ఒక ఆటో అతను అడిగిన డబ్బుతో మా ఊళ్లో కడుపునిండా భోజనం చేయవచ్చు. స్టేషన్‌కూ బస్టాండుకూ మధ్య దూరమెంతో తెలిసినవారికి నా కోపం అర్థమవుతుంది. గుంటూరులో జరిగే సండే స్కూలు ఉపాధ్యాయుల శిక్షణ కూటములకు నేను ఆ చిరాకుతోనే బయలుదేరాను.

కనకదుర్గ వారధి దాటి తాడేపల్లిలో కొందరు దిగాక గాని కూర్చోవడానికి చోటు దొరకలేదు. పక్క సీటులోని పెద్దావిడ నా ఒళ్లోని బైబిలు సంచి చూసి, "వందనాలమ్మా, ఏ సంఘం మీది?" అని పలకరించింది. బెజవాడలో కూతురిని చూసి తిరిగి వెళ్తున్న ఆమె గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక గోదాములో మిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తుందట. మా కూటముల అంశం ఆత్మ వరములని, అంటే దేవుని ఆత్మ విశ్వాసులకు ఇచ్చే సామర్థ్యాలని చెప్పగానే ఆమె కాసేపు కిటికీ వైపు చూసి, "నాకేం వరముందమ్మా? పాట రాదు, సాక్ష్యం చెప్పటం రాదు, చదువు అసలే రాదు. కాయలకు తొడిమలు తీసుకుంటా బతికేదాన్ని" అంది.

మంగళగిరి దాటి కాజ టోల్ గేటు దగ్గర బస్సు నిలిచిపోయినప్పుడు, ఆ పని ఎలా ఉంటుందని అడిగాను. కూతురికి ఇవ్వగా సంచి అడుగున మిగిలిన ఎండుమిరపకాయ ఒకటి తీసి, బొటనవేలి గోరు తొడిమ మొదట్లో ఆనించి చిన్న మెలిక తిప్పింది. తొడిమ ఒక్కటే చేతిలోకి వచ్చింది, ఒక్క గింజ కూడా రాలలేదు. "తొడిమ పోవాల, గింజ రాలగూడదు. రాలితే తూకం పోద్ది, షావుకారు అరుస్తాడు" అంది. తరువాత ఆ కాయను నా చెవి దగ్గర ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. అలా మోగని కాయలో ఇంకా చెమ్మ ఉందని లెక్క, చెమ్మ ఉన్న కాయ బస్తాలో పడితే చుట్టూ ఉన్నవాటికి బూజు పట్టిస్తుంది. రంగు పోయి తెల్లబడిన తాలు కాయను ఆమె చూడకుండానే, కేవలం చేతికి తగిలిన తీరుతో ఏరి పక్కన వేస్తుందట. ఇక్కడి తేజ రకం కాయ చైనా దాకా వెళ్తుందంటే, అది ఎవరి వేళ్ల మీదుగా వెళ్తుందో అంతవరకు నేను ఆలోచించలేదు. ఆ వేళ్లు పగిలి ఉన్నాయి. రాత్రిపూట ఆముదం రాసుకుంటుందట. పని ఉన్న రోజుల్లో మాత్రం మనవడి కళ్లు మండుతాయని వాడిని ఎత్తుకోనే ఎత్తుకోదట.

నాకు తెలిసినది ఆమెకు చెప్పాను. బైబిలులో ఇశ్రాయేలీయుల ఆరాధన డేరా అయిన ప్రత్యక్షపు గుడారము పని కోసం దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు ప్రసంగీకుడు కాదు, బంగారం, ఇత్తడి, రాయి, చెక్క పనులు తెలిసిన చేతిపనివాడు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలే. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. "అట్లాంటప్పుడు ఆ గలగల కనిపెట్టే చెవిని నీకు ఎవరిచ్చారు పెద్దమ్మా?" అన్నాను. ఆమె నా ముఖంలోకి తేరిపార చూసి, "మరి మా పాస్టరు అయ్యగారు ఈ మాట ఎన్నడూ చెప్పలేదేమమ్మా?" అని అడిగింది. పెదకాకాని వచ్చినా నేను దానికి జవాబు చెప్పలేకపోయాను.

కూటములు బాగానే జరిగాయి. అయితే వరముల గురించి చెప్పిన ప్రతి ఉదాహరణలోనూ గాయకుడో బోధకుడో తప్ప మరొకరు లేకపోవడం నన్ను బాధించింది, ఆ మాట చివరి రోజున లేచి చెప్పాను కూడా. చెప్పడానికి ఉదాహరణ ఆ ఊళ్లోనే ఉంది. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌కు మొదట అప్పగించినది వైద్యం కాదు, ఇళ్లు దాటి రాని స్త్రీల మధ్య బోధ, ఆడపిల్లల చదువు. ఆమె ఆ పనిని తోసిపుచ్చక చేస్తూనే, తాను నేర్చిన వైద్యాన్ని అడిగినవారికల్లా అందించింది. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది, 1930లో ఆమె ఇక్కడే కన్నుమూసింది. ఆమె పేరుతో ఉన్న ఆ ఆసుపత్రి ముందు నిలబడినప్పుడు, అన్ని సంవత్సరాలు ఆ దుప్పట్లు ఉతికినవారు, వేడినీళ్లు కాచినవారు ఎవరై ఉంటారన్న ఆలోచన నన్ను వదల్లేదు. వాళ్ల చేతులు ఆగిన రోజున ఏ డాక్టరు వరమైనా పనికి వచ్చి ఉండేది కాదు.

ఏలూరులో మా సంఘంలో ప్రభురాత్రి భోజనపు గిన్నెలు కడిగే అక్క ఉంది, మైకు తీగలు సరిచేసే తమ్ముడు ఉన్నాడు. వార్షికోత్సవంలో శాలువా మాత్రం పాటల బృందానికే కప్పుతాము. కోత పండుగకు గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం బల్ల ముందుకు తెచ్చి దీవెన కోరే మనం, వాటిని పండించి వండే పనిముట్లను ఎందుకు తేకూడదు? ఈసారి సూది, తాపీ, గరిటె, లెక్కల పుస్తకం కూడా అక్కడ ఉంచి, ఆ పనులు చేసేవారిని పేరుపేరునా పిలిచి ప్రార్థించాలని అయ్యగారికి ఉత్తరం రాశాను. కమిటీలో పెడదామన్నారు. ఈ సంగతి ఎలా తెలిసిందో గాని, మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే సోదరుడు తన పెట్టె కూడా తేవచ్చునా అని అప్పుడే వచ్చి అడిగి వెళ్లాడు. తప్పకుండా తెమ్మన్నాను.